సీనాయి నిబంధనలో రాకడ ఉంది, తేదీ లేదు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. మావారు ఏడాదిగా శుక్రవారం సాయంత్రాలు ఒక ఇంట్లో జరిగే బైబిలు స్టడీకి వెళ్తున్నారు, నన్నూ తీసుకెళ్తున్నారు. అక్కడ వాక్యం చెప్పే బ్రదర్ నిర్గమకాండం 19వ అధ్యాయం మీద కొన్ని వారాలు వరసగా చెప్పారు. సీనాయి కొండ దగ్గర దేవుడు ఇశ్రాయేలుతో చేసిన నిబంధన (ఒడంబడిక) మొత్తం రాకడకు, అంటే క్రీస్తు మళ్లీ రావడానికి, ఛాయ అట. "మూడవనాటికి సిద్ధముగా నుండవలెను" అన్న చోట రోజంటే వెయ్యేళ్లు, సిలువ నుంచి రెండు రోజులు గడిస్తే రెండు వేల ఏళ్లు, కాబట్టి 2030కీ 2033కీ మధ్య సంఘం ఎత్తబడుతుంది, విశ్వాసులంతా ప్రభువు దగ్గరకు వెళ్లిపోతారు అని బోర్డు మీద లెక్క వేసి చూపించారు. మావారు పూర్తిగా నమ్మారు. మా నాన్న నా పేరున రాసిన ఎకరం పొలం అమ్మి ఆ పరిచర్యకు ఇచ్చేద్దామంటున్నారు. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది, ఫీజు కట్టాల్సి ఉంది. "అది ఉద్యోగంలో కుదురుకునేసరికి మనం ఇక్కడ ఉండం, ఫీజు ఎందుకు దండగ" అంటున్నారు. నేను సంతకం పెట్టనంటే, సొదొమ నాశనమవుతుంటే వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైన లోతు భార్యను గుర్తు చేస్తున్నారు. సీనాయి నిబంధన నిజంగా రాకడకు ఛాయేనా? సంతకం పెట్టకపోతే నాది అవిశ్వాసమా? (ఒక సోదరి)

జవాబు:

అమ్మా, రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, అది ఆగే విషయం కాదు కాబట్టి. సంతకం పెట్టకండి. పొలం మీ పేరున ఉంది. మీరు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి సంతకం చేస్తే తప్ప అది చేయి మారదు. భయపెట్టి పెట్టించుకున్న సంతకంతో వచ్చిన డబ్బును దేవుడు కానుకగా అడగలేదు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" ఇవ్వాలని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (2 కొరింథీ 9:7). విశ్వాసులు పొలాలు అమ్మి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన ఆ తొలిరోజుల్లో కూడా, పొలం అమ్మకముందు నీదే, అమ్మిన తర్వాత ఆ సొమ్మూ నీ చేతిలోదే అని పేతురు, సొమ్ములో కొంత దాచుకుని అబద్ధమాడిన అననీయతో స్పష్టంగా అన్నాడు (అపొ. కార్య. 5:4). అననీయ మీద పడిన తీర్పు అబద్ధానికి. పొలం ఉంచుకున్నవాళ్ల మీద అక్కడ ఏ తీర్పూ లేదు.

లోతు భార్య సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ప్రభువు ఆమెను గుర్తు చేసింది మనుష్యకుమారుడు ప్రత్యక్షమయ్యే ఆ దినాన్ని గురించి మాట్లాడుతూ (లూకా 17:30-32). ఆ రోజున మిద్దె మీద ఉన్నవాడు సామాను కోసం దిగవద్దన్నాడు. ఆ రోజు రాకముందే బిడ్డ చదువు మాన్పించమని అక్కడ లేదు. మీ నాన్నగారిచ్చిన పొలం సొదొమ కాదమ్మా.

ఇప్పుడు మొదటి ప్రశ్న. దీనికి కాస్త ఓపికగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ బ్రదర్ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, అది చాలా గొప్ప నిజం. సీనాయి నిబంధనలో రాకడ ఛాయ ఉంది. కొత్త నిబంధన రాసినవాళ్లే దాన్ని అలా చదివారు.

ఐగుప్తు నుంచి బయటికొచ్చిన మూడో నెలలో జనం కొండ ముందు దిగారు. బట్టలు ఉతుక్కున్నారు, తమను పరిశుద్ధపరచుకున్నారు. మూడో రోజు పొద్దున ఉరుములు, మెరుపులు, దట్టమైన మేఘం, అంతకంతకూ పెరిగే బూర శబ్దం, ఆ మధ్య దేవుడు దిగిరావడం. పౌలు థెస్సలొనీకయులకు రాకడ గురించి రాసేటప్పుడు అవే ఎత్తుకున్నాడు: ప్రభువు పరలోకం నుంచి దిగివస్తాడు, దేవుని బూర మోగుతుంది, మేఘాల మీద ఆయనను ఎదుర్కొంటాం (1 థెస్స 4:16-17). ప్రకటన గ్రంథం తెరిస్తే సింహాసనం దగ్గర మళ్లీ ఆ ఉరుములు, ఆ మెరుపులే. ఏడో బూర మోగినప్పుడు పరలోకంలో దేవుని ఆలయం తెరుచుకుని నిబంధన మందసం (ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) కనిపిస్తుంది (11:19). వడగండ్లు, రక్తంగా మారిన నీళ్లు, చీకటి, మిడతలు, పుండ్లు, అన్నీ ఐగుప్తులో మనం చూసినవే. క్రూరమృగాన్ని జయించినవాళ్లు స్ఫటికంలాంటి సముద్రం దగ్గర నిలబడి మోషే కీర్తన, గొర్రెపిల్ల కీర్తన పాడతారు (15:2-3). యోహాను దృష్టిలో చివరి విమోచన రెండో నిర్గమం. సీనాయి తెలియకుండా ప్రకటన గ్రంథం చదివేవాళ్లు అందుకే సగం పోగొట్టుకుంటారని నేను ఎప్పుడూ అంటుంటాను.

ఇంకా లోతైన మాట నిర్గమ 24లో ఉంది. మోషే నిబంధన గ్రంథం చదివి వినిపించి, రక్తం జనం మీద చల్లి "ఇదిగో నిబంధన రక్తం" అన్నాడు. తర్వాత డెబ్బైమంది పెద్దలు కొండెక్కి దేవుని సన్నిధిలో తిన్నారు, తాగారు. సిలువకు ముందు రాత్రి మేడగదిలో శిష్యులతో ప్రభువు గిన్నె ఎత్తి పలికింది ఆ మాటనే. పలికిన వెంటనే, తండ్రి రాజ్యంలో మీతో కలిసి కొత్తగా తాగే రోజు వరకు ద్రాక్షారసం ఇక తాగనన్నాడు (మత్తయి 26:28-29). యెషయా ఒక కొండ మీద సమస్త జనాలకు విందు చూశాడు, అక్కడ మరణాన్ని దేవుడు మింగేస్తాడు (25:6-8). ఆ విందే ప్రకటన 19లో గొర్రెపిల్ల పెళ్లి విందు. మీరు ప్రభువు బల్లలో చేయి వేసిన ప్రతిసారీ "ఆయన వచ్చువరకు" అని వింటున్నారు కదా. వెనక సీనాయి, ముందు రాకడ, రెండూ ఆ బల్ల మీదే ఉన్నాయి.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం ఈ పోలికను నేరుగా చెప్తుంది. అప్పుడు ఆయన స్వరం భూమిని కదిలించింది, ఇంకోసారి ఆకాశాన్ని కూడా కదిలిస్తాడు అని. అలా చెప్పిన రచయిత అక్కడి నుంచి ఎటు వెళ్లాడో చూడండి. 13వ అధ్యాయం మొదటి మాట సహోదర ప్రేమ. తర్వాత పరాయివాళ్లకు ఆతిథ్యం, చెరసాలలో ఉన్నవాళ్లు, వివాహాన్ని ఘనంగా ఎంచడం, ధనాపేక్ష లేకుండా ఉండడం. భూమ్యాకాశాలు కదిలిపోతాయన్నవాడు ఏ సంవత్సరమో చెప్పకుండా, భార్యాభర్తలు ఎలా ఉండాలో చెప్పాడు.

ఇంతవరకు ఆ బ్రదర్‌తో నాకు పేచీ లేదు. పేచీ బోర్డు మీద లెక్క దగ్గరే.

మూడో రోజును కొత్త నిబంధన ఎక్కడ పెట్టింది? ఖాళీ సమాధి దగ్గర. లేఖనాల ప్రకారం మూడో దినాన లేచాడని పౌలు రాశాడు (1 కొరింథీ 15:4). సీనాయి మంటలు మళ్లీ ఎక్కడ దిగాయి? పెంతెకొస్తు నాడు. యూదులు వారాల పండుగ రోజున ధర్మశాస్త్రం ఇవ్వబడిన సంగతిని ఇప్పటికీ ఆచరిస్తారు, వాళ్లకు ఆ నిబంధన నేటికీ సజీవమైనదే. అది మన లెక్కల పలక కాదని మనం గుర్తుంచుకోవాలి. ఆ పండుగ రోజునే గాలి, అగ్ని జ్వాలలు వచ్చినప్పుడు పేతురు లేచి, యోవేలు చెప్పిన అంత్యదినాలు ఇవేనన్నాడు (అపొ. కార్య. 2:16-17). అంటే అపొస్తలుల లెక్కలో అంత్యదినాలు ఆ పొద్దుటే మొదలయ్యాయి. మనం రెండు వేల ఏళ్లుగా వాటిలోనే బతుకుతున్నాం.

ఇలా లెక్క వేసేవాళ్లు సాధారణంగా హోషేయ 6:2ను తోడు తెచ్చుకుంటారు, "రెండు దినాల తర్వాత బ్రతికిస్తాడు" అని. అది క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో ఎఫ్రాయిము, అంటే ఉత్తర ఇశ్రాయేలు రాజ్యం, పైపైన పశ్చాత్తాపపడుతూ పలికిన మాట. తర్వాతి వచనాల్లోనే దేవుడు మీ భక్తి పొద్దుటి మంచులా ఎగిరిపోతుందని నొచ్చుకున్నాడు. ఇక వెయ్యేళ్లు ఒక దినం అన్న పేతురు, ఒక దినం వెయ్యేళ్లలా ఉంటుందని కూడా అదే వాక్యంలో అన్నాడు (2 పేతురు 3:8). అటూ ఇటూ తిరిగే మాటతో కొలత ఎలా వేస్తాం? ఎవరూ నశించకూడదని దేవుడు దీర్ఘశాంతం చూపుతున్నాడని చెప్పడానికి ఆయన ఆ మాట వాడాడు. అదీగాక సిలువ సంవత్సరం క్రీ.శ. 30 అని కొందరు పండితులు, 33 అని కొందరు అంటారు. మీ బ్రదర్ 2030కీ 2033కీ మధ్య అన్నది అందుకే. పునాది రాయే రెండు చోట్ల ఉందన్నమాట.

ఈ లెక్క కొత్తదని మీవారు అనుకుంటూ ఉండవచ్చు. చాలా పాతది. మూడో శతాబ్దం తొలి ఏళ్లలో హిప్పొలిటస్ అనే సంఘ బోధకుడు దానియేలు గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. ఆయన కూడా నిబంధన లోంచే లెక్క తీశాడు. నిబంధన మందసం పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర, ఎత్తు మూరన్నర (నిర్గమ 25:10), కలిపితే ఐదున్నర. కాబట్టి సృష్టి నుంచి 5,500 ఏళ్లకు క్రీస్తు వచ్చాడు, 6,000 ఏళ్లు నిండితే అంతం అన్నాడు. ఆ లెక్కన క్రీ.శ. 500 ప్రాంతంలో అంతా ముగియాలి. ఆ ఏడూ వచ్చింది, వెళ్లింది.

హిప్పొలిటస్‌ను నేను తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. అంతం రేపో ఎల్లుండో అని కంగారుపడుతున్న జనాన్ని నెమ్మదింపజేయాలనే ఆయన అంత దూరం లెక్క చూపించాడు. ఎందుకు అంత కంగారో అదే పుస్తకంలో రాశాడు, అది మీవారికి చదివి వినిపించదగ్గది. సిరియాలో ఒక సంఘ నాయకుడు విశ్వాసులను ఆడవాళ్లు, పిల్లలతో సహా క్రీస్తును ఎదుర్కోవడానికి ఎడారిలోకి తీసుకెళ్లాడు. వాళ్లు కొండల్లో దారి తప్పి తిరుగుతుంటే దొంగల గుంపనుకుని గవర్నరు పట్టించి చంపించబోయాడు. ఇప్పటి టర్కీలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న పొంతులో మరో నాయకుడు ఉండేవాడు. భక్తిపరుడే, వినయస్థుడే, కాని లేఖనాలను గట్టిగా పట్టుకోకుండా తన కలలను నమ్మాడు. ఏడాదిలో తీర్పు వస్తుందన్నాడు. నేను చెప్పినట్టు జరగకపోతే లేఖనాలను కూడా నమ్మవద్దన్నాడు. జనం ఏడుస్తూ ప్రార్థించారు, పొలాలు బీడు పెట్టారు, చాలామంది ఆస్తులు అమ్ముకున్నారు. ఏడాది గడిచింది. బోధకుడు సిగ్గుపడ్డాడు. మిగిలినవాళ్లు మళ్లీ పొలాలకు వెళ్లారు, ఆస్తులు అమ్ముకున్నవాళ్లు బిచ్చమెత్తుకున్నారు. ఇది జరిగి 1,800 ఏళ్లయింది అమ్మా. పొలం, సంతకం, ఏడుపు, అన్నీ అప్పుడూ ఉన్నాయి.

మన కాలంలో అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ నోవహు జలప్రళయాన్ని క్రీ.పూ. 4990లో పెట్టి, "ఏడు దినములకు" అన్న మాటను 7,000 ఏళ్లు చేసి, 2011 మే 21 అన్నాడు. అక్కడా పునాది అదే, ఒక దినం వెయ్యేళ్లు. తమ పొదుపు మొత్తం ఆ ప్రచారానికి ఖర్చుపెట్టినవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడు ఆయనే తప్పు ఒప్పుకుని, ఇక తేదీలు వెదకనన్నాడు. పోయిన డబ్బు ఎవరికీ తిరిగి రాలేదు.

మీ బైబిలు స్టడీ ఏ సంఘానికి చెందినదో మీరు రాయలేదు. నిబంధనలను చదివే తీరులో మన తెలుగు సంఘాల్లోనే తేడాలున్నాయి. ఇశ్రాయేలుకు ఇచ్చిన నిబంధనలు అక్షరాలా వాళ్లకు నెరవేరాలి, సంఘం దానికి ముందే ఎత్తబడుతుంది అనే బోధను 19వ శతాబ్దంలో బ్రదరన్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ రూపుదిద్దాడు, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్సు బైబిలు ప్రపంచమంతా తిప్పింది. లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు, కేథలిక్కులు ఎక్కువగా ఆ నిబంధనలన్నీ క్రీస్తులో నెరవేరాయని చదువుతారు. ఇద్దరిలో ఎవరిది సరైనదన్న చర్చ ఈ ఉత్తరంలో తేలేది కాదు, మీ పొలానికి దానితో పనీ లేదు. ఒక్క సంగతి మాత్రం మీవారికి చెప్పండి. ప్రభువు ఏ క్షణమైనా రావచ్చు అన్నది డార్బీ బోధకు ప్రాణం. ఏ క్షణమైనా అని నమ్మినవాడు 2030 అని రాయలేడు. అలా రాసినవాడు, ఈ రాత్రి రాడు అని కూడా రాసినట్టే. "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొనియున్నాడు, వాటిని తెలిసికొనుట మీ పనికాదు" అన్నది (అపొ. కార్య. 1:7) ఎవరో చిన్న చదువు చదివినవాళ్లతో కాదు, పునరుత్థానుడైన ప్రభువు దగ్గర నలభై రోజులు నేర్చుకున్న శిష్యులతో.

నాకు మీ ఉత్తరం చదవగానే గుర్తొచ్చింది యిర్మీయా. కొత్త నిబంధన అన్న మాట ఇచ్చిన ప్రవక్త ఆయనే. "ఇదిగో నేను ఇశ్రాయేలువారితోను యూదావారితోను క్రొత్త నిబంధన చేయు దినములు వచ్చుచున్నవి" అన్నది 31వ అధ్యాయం. హెబ్రీ పత్రిక 8వ అధ్యాయం ఆ భాగాన్ని పూర్తిగా ఎత్తి రాసింది. అంత్యకాలపు నిరీక్షణ అంతా నిలబడింది ఆ వాగ్దానం మీదే. మరి ఆ మాట పలికిన మనిషి పక్క అధ్యాయంలో ఏం చేశాడు? పొలం కొన్నాడు.

ఏ పరిస్థితిలో కొన్నాడో చూడండి. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. పట్టణం పడిపోతుందని ఆయనకు తెలుసు, ఆ మాట చెప్పినందుకే బందీగృహపు ప్రాకారంలో ఖైదీగా ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమన్నాడు. ఇప్పటి మన భాషలో చెప్పాలంటే కొనేవాడే దొరకని భూమి. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, పత్రం రాశాడు, సాక్షులను పిలిచాడు, ముద్ర వేశాడు. ముద్ర వేసిన పత్రాన్నీ వేయని పత్రాన్నీ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టి కుండలో పెట్టమన్నాడు. ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు ఈ దేశంలో మళ్లీ కొంటారు అని దేవుడు చెప్పాడు కాబట్టి. అంతం దగ్గరపడిందని చెప్పినవాడే, దేవుడు స్వయంగా అంతాన్ని చూపించినవాడే, సాక్షుల ముందు సంతకం పెట్టి పత్రం భద్రపరిచాడు. కొత్త నిబంధన మీద అంతటి విశ్వాసం ఉన్న మనిషి చేసిన పని అది.

సీనాయి నిబంధన చదివేటప్పుడు కూడా 19వ అధ్యాయం ఉరుముల దగ్గరే ఆగిపోవద్దు. ఆ కొండ మీద నుంచి వచ్చిన మాటల్లో విధవరాలిని, తండ్రిలేని బిడ్డను బాధపెట్టవద్దని ఉంది, పేదవాడి దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగిచ్చేయాలని ఉంది (22:22-27). ఇంకొంచెం ముందుకెళ్తే 32వ అధ్యాయం వస్తుంది. మోషే కొండ దిగడం ఆలస్యమైంది. వేచి ఉండలేని జనం తమ భార్యల, పిల్లల చెవిపోగులు తీయించి, దేవతను చేసిపెట్టమని మోషే అన్న అహరోను చేతికిచ్చారు, వాటితోనే బంగారు దూడ తయారైంది. ఆలస్యాన్ని తట్టుకోలేనప్పుడు ముందు పోయేది ఇంటి బంగారమని నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఎదురుచూడడం ఎలాగో ప్రభువే చెప్పాడు. యజమాని వచ్చేసరికి తన ఇంటివాళ్లకు తగిన వేళ అన్నం పెడుతూ కనిపించే దాసుడు ధన్యుడన్నాడు (మత్తయి 24:45-46). థెస్సలొనీకలో రాకడ దగ్గరపడిందని కొందరు పని మానేసి తిరుగుతుంటే, పని చేయడానికి ఇష్టపడనివాడు తినకూడదని పౌలు రాశాడు. బూర గురించి రాసిన ఆ పేజీలోనే, ఐదు వచనాల ముందు, సొంత చేతులతో పని చేసుకోండి అన్నాడు. "ఎవడైనను స్వకీయులను, విశేషముగా తన యింటివారిని సంరక్షింపక పోయినయెడల వాడు విశ్వాసత్యాగము చేసినవాడై అవిశ్వాసికన్న చెడ్డవాడై యుండును" (1 తిమోతి 5:8). మీ ఇంట్లో అవిశ్వాసం అన్న మాట వచ్చింది కాబట్టి ఈ వచనం రాశాను. దీన్ని మీవారి మీద విసరకండి. మీ మనసు నెమ్మది కోసం దగ్గర పెట్టుకోండి.

ఎందుకంటే మీవారు చెడ్డవారని నాకు అనిపించలేదు. ప్రభువును చూడాలని ఆయనకు ఆశ ఉంది, ఆ ఆశ మన సంఘాల్లో చాలామందిలో చల్లారిపోయింది. శుక్రవారం అందరి ముందు ఆయనతో వాదన పెట్టుకోవద్దు, నలుగురిలో ఓడిన మగవాడు ఇంట్లో ఇంకా బిగుసుకుంటాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు యిర్మీయా 31, 32 అధ్యాయాలు వరసగా చదవమనండి, ఆయన్నే పైకి చదవనివ్వండి. తర్వాత, అప్పుల భారమో ఉద్యోగంలో అలసటో ఏదైనా ఆయన్ను లోపల తినేస్తోందేమో మెల్లగా అడగండి. ఇక్కడి బతుకు బరువైనప్పుడు తేదీ చెప్పే బోధ చాలా తీయగా ఉంటుంది. మీకు బాప్తిస్మం ఇచ్చిన సంఘ కాపరి ఉంటే ఆయన దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఆ బ్రదర్‌ను అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి, మీవారే అడిగితే మంచిది. వచ్చిన కానుకల లెక్క ఎవరు రాస్తారు, ఎవరికి చూపిస్తారు? ఆ డబ్బుతో స్థలం గానీ బిల్డింగు గానీ కొంటున్నారా? ఆయన తన పిల్లల చదువు ఆపారా? నిజాయితీపరుడైతే ఈ ప్రశ్నలకు కోపం రాదు. కొన్నేళ్లలో అంతా ముగుస్తుందని చెప్తూ మీ పొలం డబ్బుతో స్థలం కొనేవాళ్లుంటే, తాము చెప్పిన లెక్కను తామే నమ్మడం లేదని మీవారికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫీజు గడువు ఎప్పుడో మీరు రాయలేదు. గడువు దాటకముందే కట్టేయండి, రసీదు అమ్మాయి దగ్గర ఉంచండి. మొత్తం ఒకేసారి చేతిలో లేకపోతే వాయిదాల్లో కట్టనిస్తారేమో కాలేజీ ఆఫీసులో అడగండి, విద్యా రుణం సంగతి మీ బ్యాంకులో కనుక్కోండి. పొలం కౌలుకు ఇస్తున్నట్టయితే ఈ ఏడు కౌలు డబ్బు దానికే వాడండి. పాస్‌బుక్కు, మీ నాన్నగారు రాసిన దస్తావేజు మీ చేతికందే చోట భద్రంగా పెట్టుకోండి.